అర వాటు నాదము

విద్యుత్ గిటారును ఒడిలో నుంచుకొని కూర్చున్నవాని చేతిలో ఉన్నది వాద్యములో సగము మాత్రమే. ఆ ఉక్కుతీగెలను మీటినప్పుడు గాలిలోనికి వెలువడు ధ్వని పక్కగదిలోని మనిషికైనను వినబడదు. తీగెల క్రింద అమర్చిన అయస్కాంతముల చుట్టును వెంట్రుక కన్న సన్నని రాగితీగెను వేల చుట్లుగా చుట్టగా, ఆ చుట్లలో తంత్రీకంపము వలన జనించిన అత్యల్ప విద్యుత్తు, సామాన్యముగా ఒక వోల్టులో పదవవంతు ప్రాంతమున ఉండునది, ఒక పెట్టెలోనికి ప్రవేశించి, అచట బలము పుంజుకొని, ఒక కాగితపు శంకువును ముందువెనుకలకు కదలించినప్పుడే అది సంగీతమగుచున్నది. కనుక ఆ పెట్టెను, అనగా యాంప్లిఫయరును, వాద్యమునకు వెలుపలనున్న కేవలోపకరణముగా భావించుట యుక్తము కాదు. వాద్యములోని ఆ రెండవ సగమును ఎవరైనను స్వహస్తములతో నిర్మించుకొనవచ్చుననియు, అది చిన్నదైనంత మాత్రమున అసమగ్రము కాదనియు, పైపెచ్చు దాని శక్తికున్న పరిమితియే దాని కంఠస్వరమునకు మూలమనియు నా దృఢవిశ్వాసము.

గిటారునకు విద్యుత్తుతో చెలిమి కుదిరి ఇంకను నూరేండ్లు నిండలేదు. 1931 ప్రాంతమున కాలిఫోర్నియాలో జార్జ్ బీచమ్ అను వాదకుడు, బృందములోని తక్కిన వాద్యముల ఘోషలో తన గిటారు మునిగిపోవుచున్నదను చింతతో, అడాల్ఫ్ రికెన్‌బాకర్ తోడ్పాటున, పోత అల్యూమినియముతో చేసిన ఒక హవాయి గిటారునకు అయస్కాంతపు పికప్‌ను అమర్చినాడు. దానికి 1937లో పేటెంటు లభించినది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందమున చేరిన చార్లీ క్రిస్టియన్, అంతవరకు ప్రధానముగా తాళమునకు తోడుగా ఉన్న గిటారును సాక్సఫోనుతో సమానముగా ఏకవాద్యముగా వినిపించగలిగెనన్నచో, ఆ ఘనతలో అతని వెనుకనున్న పెట్టెకును భాగము కలదు. అటుపిమ్మట గిటారులకును యాంప్లిఫయర్లకును జగత్ప్రసిద్ధమైన పేరు తెచ్చిన లియో ఫెండర్, ఫులర్టన్ పట్టణములో రేడియోలు మరమ్మతు చేయు దుకాణము నడపినవాడు. గిటారు యాంప్లిఫయరు రేడియో మెకానిక్కు బల్ల మీద పుట్టి పెరిగినదను సంగతిని మరువరాదు. ఇంటిలో దానిని నిర్మించుకొనువాడు ఆ పరంపరకే చెందినవాడు.

ఆ కాలపు పెట్టెలన్నియు వాల్వులవి. గాజుబుడ్డిలో ఎర్రగా కాగు తంతువు, మూడు నాలుగు వందల వోల్టుల విద్యుత్తు, బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు వానికి తప్పనిసరి. స్విచ్చి ఆపిన తరువాతను వాని కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియుండును గనుక, అనుభవము లేని విద్యార్థిని వాని దరికి పోనిచ్చుట మంచిది కాదు. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలయందు జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్‌లు జెర్మేనియము ముక్కపై రెండు బంగారపు మొనలను ఆనించి తొలి ట్రాన్సిస్టరును పనిచేయించిరి. 1956లో వారికిని విలియం షాక్లీకిని భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. శూన్యముతోను వేడితోను పనిలేక, విద్యుత్తు ఒక ఘనపదార్థపు స్ఫటికములోనే నియంత్రితమగుట వలన దీనికి ఘనస్థితి యంత్రమను పేరు వచ్చినది. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో పాడు పెట్టె అప్పటి నుండియే సాధ్యమైనది.

అయినను గిటారు వాదకులు దీనిని చిరకాలము ఆదరింపలేదు. 1966లో ఫెండర్ సంస్థ విడుదల చేసిన ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లు కొలది ఏండ్లలోనే అంతరించినవి. ఈ అనాదరణకు ఒక కారణము తెలిసికొన్నవానికే మంచి పెట్టెను నిర్మించు మార్గము తెలియును గనుక, దానిని కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏ యాంప్లిఫయరైనను తనకు అందు విద్యుత్సరఫరా వోల్టుల ఎల్లను దాటి తరంగమును పెంచజాలదు. ఆ ఎల్లను సమీపించినప్పుడు వాల్వు తరంగశిఖరమును క్రమక్రమముగా వంచును. ట్రాన్సిస్టరు వలయము అట్లుగాక, చివరి వరకు నిర్దోషముగా పెంచుచు పోయి, ఎల్ల తగిలిన క్షణమున శిఖరమును కత్తితో కోసినట్లు చదును చేయును. పైనను క్రిందను సమముగా చదునైన తరంగమున, మూలస్వరమునకు బేసిరెట్లైన స్పందనములు కొత్తగా పుట్టుకొనివచ్చును.

సంగీతజ్ఞులకు ఇచట ఆసక్తికరమైన విషయమొకటి కలదు. మూలస్వరమును షడ్జమనుకొన్నచో దానికి మూడురెట్ల స్పందనము తారస్థాయి పంచమము. ఐదురెట్లది అంతకు పైస్థాయిలోని అంతర గాంధారము. తంబురను చక్కగా శ్రుతి చేసి ఏకాగ్రతతో ఆలకించువారికి ఎవరును మీటకయే వినబడు స్వయంభూ గాంధారము ఇదియే. ఇంతవరకు చెవికి ఇంపే. ఏడవ రెట్టు కైశికి నిషాదమునకు కించిత్తు దిగువన నిలుచును. పదకొండవదియు పదమూడవదియు మన స్వరస్థానములలో వేటియందును చక్కగా ఇమడవు. మృదువుగా వంగిన తరంగములో ఈ పై రెట్లు క్షీణించియుండును, కఠినముగా కోసిన తరంగములో బలముగా నిలుచును. వాదకులు ట్రాన్సిస్టరు పెట్టెలయందు కనుగొన్న కర్కశత్వమునకు మూలము ఇది. చదునైన తరంగములలో రెండు స్వరములు కలిసినప్పుడు వాని స్పందనముల మొత్తములును భేదములును కొత్త స్వరములై వినబడును. అందువలననే రాక్ వాదకులు ఈ విధమైన నాదమున నిండు కార్డులను, అనగా పలు స్వరముల కూర్పులను, విడిచి, షడ్జ పంచమములను మాత్రమే జంటగా మీటుదురు. ఆ రెండింటి నిష్పత్తి రెండుకు మూడు, భేదము ఒకటి, అనగా మరల మంద్రషడ్జమే పలుకును.

ఈ లోపమును లోపముగానే చూచినవారు దానిని నివారించు మార్గమును వెదకిరి. 1975లో జపానునకు చెందిన రోలాండ్ సంస్థ తెచ్చిన జాజ్ కోరస్ 120 అను ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు, స్వచ్ఛనాదమునకు నేటికిని ప్రమాణముగా నిలిచియున్నది. మరికొందరు దానిని గుణముగా స్వీకరించిరి. 1964లో కింక్స్ బృందమునకు చెందిన డేవ్ డేవీస్ అను యువకుడు తన చిన్న ఎల్‌పికో యాంప్లిఫయరు స్పీకరు కాగితమును బ్లేడుతో చీల్చి, ఆ చీలిన కాగితపు రొదనే ఒక ప్రసిద్ధ గీతమునకు జీవముగా చేసినాడు. అది వాల్వుల పెట్టెయే గాని, చిన్న యంత్రపు అశక్తతనుండి గొప్ప నాదము పుట్టగలదనుటకు అది నిదర్శనము. ట్రాన్సిస్టర్లలో ఇంతకు మించిన నిదర్శనము మరియొకటి కలదు.

క్వీన్ బృందమున బేస్ గిటారు వాయించిన జాన్ డీకన్, లండనులోని చెల్సీ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చదివి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైనవాడు. 1972లో ఆయన ఒకనాడు వీధిలో నడచిపోవుచు, శిథిలములను పారవేయు పెద్ద తొట్టిలో తీగెలు వ్రేలాడుచున్న ఒక చిన్న సర్క్యూట్ బోర్డును చూచి ఇంటికి తెచ్చుకొనెను. అది ఒక పోర్టబుల్ రేడియోకు చెందిన, జెర్మేనియము ట్రాన్సిస్టర్లతోను బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లతోను కూడిన యాంప్లిఫయరు భాగము. ఆయన దానిని పుస్తకముల బీరువాలో ఇముడు ఒక చిన్న స్పీకరు పెట్టెలో బిగించి, తొమ్మిది వోల్టుల పెద్ద బ్యాటరీని తగిలించెను. దానికి ధ్వనిని హెచ్చించు మర లేదు, తగ్గించు మర లేదు, స్వరభేదమును దిద్దు మర లేదు. అభ్యాసమునకని చేసికొన్న ఆ పెట్టెలో, అదే బృందమునకు చెందిన బ్రయన్ మే తన గిటారును, పై స్వరములను హెచ్చించు చిన్న సాధనము ద్వారా కలిపినాడు. ఆ గిటారు కూడ గృహనిర్మితమే: 1963లో మొదలిడి, తండ్రి హరాల్డ్‌తో కలిసి, పాత పొయ్యిగూటి కొయ్యను చెక్కి చేసికొన్నది. అంత చిన్న వలయము అంత బలమైన సంకేతమును భరింపలేక సతమతమైనప్పుడు వెలువడిన నాదము గిటారును పోలక, విల్లుతో వాయించిన తంత్రినో, ఊదిన బూరనో పోలియుండెను. 1975 నాటి ‘ఎ నైట్ ఎట్ ది ఒపెరా’ సంపుటములోని ‘గుడ్ కంపెనీ’ అను గీతమున వినబడు క్లారినెట్లు, ట్రంపెట్లు, ట్రాంబోనులు గల జాజ్ మేళమంతయు ఆ పెట్టెద్వారా ఒక్కొక్క గాత్రముగా వాయించి, పేర్చి, నిర్మించినదే. ఆ బృందము ధనము గడించి, కోరిన యంత్రము నెల్ల కొనగలిగిన దశకు చేరిన తరువాతను మే దానిని విడువలేదు. దానిని విప్పి పరిశీలించి ప్రతికృతిని చేయబూనిన నిపుణులు ఆ ట్రాన్స్‌ఫార్మర్లను ప్రత్యేకముగా చుట్టించి, పాతకాలపు జెర్మేనియము ట్రాన్సిస్టర్లను ఏరి తెచ్చి శ్రమించిరన్నచో, పారవేసిన ఒక బోర్డులోని విశేషమెంతటిదో ఊహింపవచ్చును.

ఇక మన బల్ల మీదికి వత్తము. నేడు ఇట్టి పెట్టెను కోరువాడు జెర్మేనియమును వెదకనక్కరలేదు. నేషనల్ సెమికండక్టర్ సంస్థ రూపొందించిన ఎల్.ఎం. 386 అను ఎనిమిది కాళ్ళ చిప్పు, చిన్న రేడియోలకొరకు పుట్టినదే అయినను, గిటారు విద్యార్థుల పాలిట కల్పవృక్షమైనది. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో అది కొలది రూపాయలకు దొరకును. చిల్లుల బోర్డు, ఐ.సి. బేస్, రెసిస్టర్లు, కెపాసిటర్లు, గిటారు తీగె దిగు పావు అంగుళపు సాకెట్టు, అన్నియు ఆ సందులోనే లభించును. చిప్పును బోర్డుకు నేరుగా టంకము చేయక, బేస్‌ను టంకము చేసి చిప్పును అందు గుచ్చవలెను. వేడి తగలక చిప్పు బ్రతుకును, చెడినప్పుడు మార్చుట సులభము.

ఈ చిప్పును గిటారునకు నేరుగా తగిలించు పటములు అనేకములు కలవు. వానిని అనుసరింపవద్దని నా సలహా. గిటారు పికప్ వేల చుట్ల తీగె గనుక అది విద్యుత్ప్రవాహమును ధారాళముగా ఇయ్యజాలదు. ఈ చిప్పు లోనికి వచ్చు దారి 50 వేల ఓమ్‌ల నిరోధము మాత్రమే కలది. గిటారు కోరునది 10 లక్షల ఓమ్‌లు, అనగా ఒక మెగాఓమ్. కాలువ మొదటనున్న పొలము నీరంతయు త్రాగివేసినప్పుడు శివారు మడి ఎండిపోయినట్లు, తక్కువ నిరోధమున్నచోట సంకేతములోని పై స్వరములన్నియు క్షీణించి, నాదము మొద్దుబారును. అందుచేత చిప్పునకు ముందు ఒక ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టరును కావలి ఉంచవలెను. మన ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలలలో విద్యార్థులకు చిరపరిచితమైన బి.ఎఫ్.డబ్ల్యు. 10 ఇందుకు చాలును. దాని గేటునకును భూమికిని నడుమ ఒక మెగాఓమ్ రెసిస్టరు, సోర్సునకును భూమికిని నడుమ 3.9 కిలోఓమ్ రెసిస్టరు, డ్రెయిను నేరుగా బ్యాటరీ ధనధ్రువమునకు: ఇంతే. అది ధ్వనిని పెంచదు. పికప్ మీద భారము మోపక, సంకేతమును అందుకొని చిప్పునకు అందించును. చిన్న పెట్టెను కట్టి నిరాశపడినవారిలో పెక్కుమంది నిరాశకు, ఈ ఒక్క ట్రాన్సిస్టరు లేకపోవుటయే కారణమని నేను తలంతును.

సోర్సు వద్దనుండి సంకేతము ఒక కెపాసిటరు ద్వారా 10 కిలోఓమ్‌ల వాల్యూమ్ కంట్రోలునకు పోవును. ఈ కెపాసిటరు విలువయందు వివేకము చూపవలెను. 0.047 మైక్రోఫారడ్ పెట్టినచో మూడు నాలుగు వందల హెర్ట్జుల దిగువనున్న స్వరములు క్రమముగా తగ్గును. మూడంగుళముల స్పీకరు ఆ మంద్రములను ఎటులను పలుకలేదు గనుక వానిపై చిప్పు శక్తిని వ్యయము చేయకుండుటయే మేలు. పెద్ద స్పీకరున్నవాడు ఒక మైక్రోఫారడ్ పెట్టుకొనవచ్చును.

వాల్యూమ్ నడిమి కాలునుండి తీగె చిప్పు మూడవ కాలునకు పోవును, రెండవది, నాలుగవది భూమికి, ఆరవది బ్యాటరీకి, ఐదవ కాలినుండి పెరిగిన సంకేతము వెలువడును. ఆ ఐదవ కాలియందు ఎల్లప్పుడును బ్యాటరీలో సగము వోల్టులు నిలిచియుండును గనుక, వానిని స్పీకరునకు పోనీయక సంకేతమును మాత్రము పంపుటకు 220 మైక్రోఫారడ్ కెపాసిటరును మధ్యనుంచుదురు. 8 ఓమ్‌ల స్పీకరుతో అది సుమారు 90 హెర్ట్జుల దిగువ ధ్వనిని తగ్గించును; గిటారులోని అతి మంద్రమైన తీగె 82 హెర్ట్జులు పలుకును గనుక, ఆ తీగెకు నిండుదనము కావలెననువారు 470 వాడవలెను. ఐదవ కాలినుండియే భూమికి 10 ఓమ్‌ల రెసిస్టరును 0.047 మైక్రోఫారడ్ కెపాసిటరును వరుసగా కలుపుట తప్పనిసరి. అవి లేనిచో చిప్పు చెవికందని స్పందనములతో తనలో తాను కంపించి వేడెక్కును. బ్యాటరీ తీగెలు చిప్పును చేరుచోట, దానికి అతి సమీపమున 100 మైక్రోఫారడ్ కెపాసిటరును ఉంచవలెను.

ఒకటవ, ఎనిమిదవ కాళ్ళ సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది, ఏలయన ఈ పెట్టె స్వభావము అచటనే నిర్ణయమగును. ఆ రెండింటిని ఊరక విడిచినచో చిప్పు సంకేతమును 20 రెట్లు పెంచును. వాని మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటరును కలిపినచో 200 రెట్లు. పదవవంతు వోల్టును 20 రెట్లు పెంచినచో 2 వోల్టులు: బ్యాటరీ ఎల్లలో అది హాయిగా ఇముడును, నాదము నిర్మలముగా ఉండును. 200 రెట్లు పెంచుమన్నచో 20 వోల్టులు కావలెను, ఉన్నవి తొమ్మిదియే. అసాధ్యమును కోరినప్పుడు చిప్పు ఇచ్చునది చదునైన తరంగము, దానితో తారపంచమమును గాంధారమును. ఆ కెపాసిటరునకు వరుసలో ఒక కిలోఓమ్ కంట్రోలును ఉంచిన, ఈ రెండు స్థితుల నడుమ ఎచటనైనను నిలుపవచ్చును.

ఈ పెట్టె శక్తి సుమారు అర వాటు. ఆ అంకెను విని పెదవి విరచువారికి వినికిడి శాస్త్రము ఒక సమాధానము చెప్పుచున్నది. శక్తి పదిరెట్లు పెరిగినప్పుడు గాని ధ్వని చెవికి రెట్టింపైనట్లు తోచదు. 50 వాట్ల పెద్ద యంత్రమునకును అర వాటు పెట్టెకును శక్తిలో నూరురెట్ల అంతరమున్నను, ఒకే స్పీకరుపై చెవికి తోచు అంతరము నాలుగు రెట్లే. అంతకన్న ముఖ్యమైనది స్పీకరు. ఒక వాటు శక్తికి ఒక మీటరు దూరమున చిన్న రేడియో స్పీకరు 87 డెసిబెల్లు పలుకుననుకొన్న, గిటారుకై చేసిన పన్నెండు అంగుళముల స్పీకరు 97 పలుకును. ఆ పది డెసిబెల్లు పదిరెట్ల శక్తికి సమానము. అనగా బోర్డును ముట్టుకొనకుండ, స్పీకరును మార్చినంత మాత్రమున అర వాటు పెట్టె ఐదు వాట్ల పెట్టెగా వినబడును. పైగా గిటారు స్పీకరు 5 వేల హెర్ట్జులకు పైన పలుకుట మానివేయును. కోసిన తరంగములోని కర్కశమైన పైరెట్లు పెక్కు అచటనే వడగట్టబడును. అందువలన చేతనున్న ధనములో అధికభాగమును స్పీకరునకును, దాని కొయ్యపెట్టెకును వెచ్చించుట వివేకము. మూలబడిన పాత వాల్వు రేడియో కొయ్యపెట్టె దొరికినవారు అదృష్టవంతులు.

టంకము వేయునప్పుడు టంకపు కాడనుగాక కీలును కాచవలెను. వేడి కీలుపై టంకము తనంతట కరగి పారి, చల్లారిన పిదప మెరయుచుండవలెను. లోనికి వచ్చు తీగె షీల్డ్ వైరు కావలెను; అది స్పీకరు తీగెకు దూరముగా పోవలెను, లేనిచో పెట్టె ఈలవేయును. భూమికి పోవు తీగెలన్నియు ఒక్క బిందువున కలియవలెను. బ్యాటరీతో నడచు పెట్టెకు మెయిన్సునుండి 50 హెర్ట్జుల గుంయిమను రొద రాదు. అయినను ఒకే చుట్టగల పికప్ దానిని గదిలోని ట్యూబులైటునుండియే గ్రహించును. అది పెట్టె దోషము కాదు. 1955లో గిబ్సన్ సంస్థయందు సెత్ లవర్ రెండు చుట్లను ఎదురెదురుగా కలిపి హంబకర్‌ను చేసినది ఆ రొదను అణచుటకే. అంతయు ముగిసిన పిదప చిప్పును గుచ్చి, స్పీకరును కలుపకముందే మల్టీమీటరుతో ఐదవ కాలిని పరీక్షింపవలెను. 9 వోల్టుల బ్యాటరీకి అచట నాలుగున్నర వోల్టుల చేరువలో కనబడినచో స్పీకరును తగిలింపవచ్చును. తొమ్మిదియో సున్నయో కనబడినచో ఎచటనో కీలు తప్పినది.

పెంపును తగ్గించి వాడుకొనుటను గూర్చి ఒక మాట. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, ఎలెక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతమును లోకమునకు వినిపించినాడు. మాండలిన్ తీగె నాదము మీటిన వెంటనే చప్పబడిపోవును. గమకమునకు కావలసినది నిలుకడ. జంటతీగెల స్థానమున ఒంటితీగెలను ఉంచి, పికప్‌ను ఆశ్రయించి, చెవికి అందనంతగా క్షీణించిన నాదాంతమును కూడ యాంప్లిఫయరుచే పైకి తీసినందువలననే ఆయన వేలిక్రింద దీర్ఘగమకములు సాధ్యమైనవి. అట్టి సంగీతమున స్వయంభూ స్వరములు తంబురకే చెందవలెను గాని చిప్పునకు కాదు. కనుక మన సంగీతమునకు ఈ పెట్టెను కట్టువారు ఒకటవ, ఎనిమిదవ కాళ్ళ నడుమ కెపాసిటరును ఒక స్విచ్చి ద్వారా కలిపి, దానిని తెరచియుంచి 20 రెట్ల పెంపుతోనే వాయింపవలెను. వీణకో వయొలిన్‌కో అంటించు పీజో కాంటాక్ట్ మైకైనచో, అది పికప్ కన్నను దుర్బలమైనది గనుక, గేటువద్దనున్న ఒక మెగాఓమ్ రెసిస్టరును తీసి 4.7 మెగాఓమ్‌లది పెట్టుకొనవలెను. మంద్రస్థాయి అప్పుడు గేటువద్ద క్షీణింపదు, తక్కిన వలయములో ఏదియు మార్చనక్కరలేదు.